కంచంలో పుట్టిన పిచ్చి

మనిషి తీరు మారిందంటే మనం ముందు గుణాన్నే అనుమానిస్తాం. అమెరికా పత్తిచేల నుంచి దక్కన్ జొన్నచేల దాకా సాగిన పెల్లగ్రా అనే జబ్బు కథ మాత్రం ఒంటినీ, ఒంటికి అందే తిండినీ ముందు చూడమంటోంది.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లోని మానసిక చికిత్సాలయాలకు ఒకే తరహా రోగులు వచ్చిపడేవారు. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు రాలేది. మెడ చుట్టూ దండ వేసినట్టు మచ్చ. ఆగని విరేచనాలు. వాటితోపాటే నిద్రలేమి, విసుగు, దుఃఖం, మతిమరుపు, చివరికి లేనివి కనబడటం. అదే పెల్లగ్రా. బాధితుల్లో ఎక్కువమంది కౌలురైతులు, మిల్లు కార్మికులు, అనాథలు. నాలుగు దశాబ్దాల్లో సుమారు 30 లక్షల మంది జబ్బుపడ్డారనీ, లక్షమంది చనిపోయారనీ అంచనా. ఏదో క్రిమి పనే అన్నారు కొందరు. ఆ వంశాల్లోనే లోపముందన్నారు ఇంకొందరు.

నర్సులకు ఎందుకు రాలేదు?

1914లో ప్రభుత్వ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అక్కడికి వెళ్లి ఒక సంగతి గమనించాడు. రోగుల మధ్యే రోజంతా తిరిగే నర్సులకు ఈ జబ్బు రావడం లేదు. అంటువ్యాధైతే వాళ్లనెందుకు వదిలేస్తుంది? తేడా కంచంలో కనిపించింది. రోగులకు మొక్కజొన్న రొట్టె, బెల్లంపాకం, పందికొవ్వు. సిబ్బందికి వాటితోపాటు పాలు, గుడ్లు, మాంసం. అనాథాశ్రమాల పిల్లలకూ పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్లు పెట్టించాడు. జబ్బు తగ్గుముఖం పట్టింది.

1915లో మిసిసిపీ జైలు క్షేత్రంలో క్షమాభిక్షకు బదులుగా ప్రయోగానికి ఒప్పుకొన్న ఖైదీలకు నెలల తరబడి మొక్కజొన్న ప్రధానమైన తిండే పెట్టాడు. చివరిదాకా ఉన్న 11 మందిలో ఆరుగురికి పెల్లగ్రా వచ్చింది. ఈనాటి వైద్యనీతి ఒప్పుకోని ప్రయోగమిది. అయినా విమర్శకులు క్రిమివాదం వదల్లేదు. దాంతో 1916లో ఆయన రోగుల రక్తాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు, వాళ్ల చర్మపు పొలుసులను, మలాన్ని పిండిలో కలిపి మింగాడు. భార్య మేరీ కూడా రక్తం ఎక్కించుకుంది. ఎవరికీ జబ్బు రాలేదు.

మెదడుకు కరవు

గోల్డ్‌బర్గర్ 1929లో కన్నుమూశాడు. కొరవడిన పోషకం నియాసిన్ అనే బి విటమిన్ అని 1937లో కాన్రాడ్ ఎల్వెహెమ్ పరిశోధనతో తేలింది. ఆ విటమిన్ ఇస్తే, మతి చెదిరిందని వదిలేసిన రోగులు ఎందరో కొద్దిరోజుల్లోనే తేరుకుని అయినవాళ్లను గుర్తుపట్టారు.

తిన్నదాన్ని శక్తిగా మార్చుకోవడానికి ప్రతి కణానికీ నియాసిన్ కావాలి. ఒంటి బరువులో రెండు శాతమే ఉండే మెదడు, శక్తిలో సుమారు ఐదోవంతు వాడేస్తుంది. అందుకే కొరత దానికి గట్టిగా తగులుతుంది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరం కొంత నియాసిన్ తయారుచేసుకుంటుంది. భావోద్వేగాలతో, నిద్రతో ముడిపడిన సెరటోనిన్‌కూ అదే ముడిసరుకు. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ, ఉన్న నియాసిన్ ఒంటికి పట్టదు. సున్నపు నీళ్లలో ఉడికించి తినే మెక్సికో వాసులకు ఆ నియాసిన్ అందేది.

జొన్నరొట్టె తిన్న పల్లెలు

దక్కన్‌లో జొన్నలే ఆధారమైన పేదల్లోనూ పెల్లగ్రా కనిపించింది. మొక్కజొన్నలో ఉన్నంత ట్రిప్టోఫాన్ కొరత జొన్నలో లేదు. మరి జబ్బెందుకు? 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల ఈ ప్రశ్న పట్టుకుంది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారయ్యే తీరును చెడగొడుతోందని 1960లో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా ప్రతిపాదించారు. దీనిపై తర్వాత చాలా చర్చ జరిగింది. ఈ రోగుల్లో తరచుగా కనిపించే దిగులుతోపాటు మెదడు తరంగాల్లో మార్పులున్నాయని కూడా హైదరాబాద్ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. జొన్న మంచి తిండే. పప్పు, పాలు, ఆకుకూర తోడవకుండా ఏళ్ల తరబడి ఒక్క రొట్టెతోనే కడుపు నింపుకోవాల్సి రావడమే చేటు.

తీర్పుకు ముందు పరీక్ష

పెల్లగ్రా ఇప్పుడు అరుదు. అది నేర్పిన పాఠం మాత్రం ప్రతి ఇంటికీ అవసరమే. బి12 తగ్గితే మతిమరుపు, చిరాకు రావచ్చు. థైరాయిడ్ మందగిస్తే మనిషి నీరసించి, దిగులుగా, ఏ పనీ పట్టనట్టు ఉండవచ్చు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకమనో మొండితనమనో అంటారు. చిన్న రక్తపరీక్షతో బయటపడే సంగతి ఏళ్ల తరబడి తిట్లుగా మిగిలిపోతుంది.

ప్రవర్తనంతా విటమిన్ల లెక్క కాదు. అప్పు, అవమానం, ఆప్తుల మరణం కూడా మనిషిని మారుస్తాయి. ఆ దెబ్బలూ నాడులకు తగిలేవే, నిద్రనూ ఆకలినీ గుండెదడనూ మార్చేవే. పెల్లగ్రా వెనక కూడా బతుకు పరిస్థితులే ఉన్నాయి. దక్షిణ కరోలినా మిల్లు గ్రామాల్లో గోల్డ్‌బర్గర్ బృందం ఇంటింటి ఆదాయం లెక్కగట్టింది. ఆదాయం ఎంత తగ్గితే పెల్లగ్రా అంత పెరిగింది. కూలి రేటు, పత్తి ధర, అంగట్లో దొరికే సరుకు కంచంలోకి, అక్కడి నుంచి మెదడులోకి చేరాయన్నమాట.

అందుకే మనవాళ్లలో ఎవరైనా ఉన్నట్టుండి మారిపోతే, ఏం తింటున్నారు, ఎలా నిద్రపోతున్నారు, ఏ మందులు వాడుతున్నారని ముందు అడగాలి. వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. మనిషి గుణం మీద తీర్పు చెప్పే తొందర అప్పటిదాకా ఆగాలి.