బటన్ నొక్కాక మీ దానం వివరాలు ఎటు వెళ్తాయి?

ఒకప్పుడు చందా అంటే రసీదు పుస్తకమే. పేరు, ఊరు, మొత్తం, ఏ పద్దుకో అడిగి రాసి, పై కాగితం దాతకిచ్చి, కార్బన్ కాపీ సంస్థ దగ్గర ఉంచుకునేవాళ్లం. ఏదైనా తప్పు రాస్తే దాత అక్కడికక్కడే చెప్పి దిద్దించేవారు. ఇప్పుడు ఊళ్లో ఉన్నవారూ, గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవారూ ఫోన్‌లో వెబ్ పేజీ తెరిచి, గళ్లు నింపి, బటన్ నొక్కుతున్నారు. ఆ తర్వాత ఏం జరుగుతుందో దాతలకూ, సంస్థ నడిపేవారికీ తెలిసి ఉండాలి. ఎందుకంటే అది అమానత్‌కు సంబంధించిన విషయం.

వెబ్ పేజీలోని ఫారం రెండు సంగతులు చెబుతుంది: వివరాలు ఏ చిరునామాకు పోవాలి, ఏ పద్ధతిలో పోవాలి. ఆ చిరునామాలో, అంటే సర్వర్‌లో, వాటిని అందుకునే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని స్క్రిప్ట్ అంటారు. చాలాచోట్ల అది పీహెచ్‌పీ భాషలో రాసి ఉంటుంది. ఫారంలోని ప్రతి గడికీ పేజీ తయారుచేసినవారు లోపల ఒక పేరు పెడతారు. అది మనకు తెరపై కనబడదు. బటన్ నొక్కగానే బ్రౌజర్ ఆ పేర్లనూ, మనం నింపినవాటినీ జతలుగా కట్టి పంపుతుంది: ‘మొత్తం = 5000’, ‘పద్దు = జకాత్’, ఇలా.

చిక్కంతా ఇక్కడే ఉంది. లోపలి పేరు పెట్టడం మరచిపోయిన గడిని బ్రౌజర్ పంపదు. తెరపై అంతా సరిగానే కనిపిస్తుంది. దాత జాబితాలో ‘జకాత్’ ఎంచుకుంటారు, కానీ ఆ మాట సర్వర్‌కు చేరదు. పైగా స్క్రిప్ట్‌లో ‘పద్దు రాకపోతే సాధారణ నిధి అనుకో’ అని రాసి ఉంటే, ఏ హెచ్చరికా లేకుండా జకాత్ సొమ్ము సాధారణ నిధిలో కలిసిపోతుంది. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో ఎనిమిది వర్గాలుగా చెప్పింది. ఏ అవసరానికైనా వాడుకునే డబ్బు కాదది. అందుకే పద్దు రాకపోతే స్క్రిప్ట్ ఊహించుకోకూడదు. ఫారాన్ని వెనక్కి పంపి దాతనే మళ్లీ అడగాలి.

స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. విద్యార్థి మార్కుల జాబితాను ఫోన్‌తో ఫొటో తీసి జతచేస్తాడు. ఫైళ్లు పంపే ఫారానికి ప్రత్యేకమైన అమరిక చేయాలి. చేయకపోతే ఫైలు పేరు మాత్రమే వెళ్తుంది, ఫొటో వెళ్లదు. పీహెచ్‌పీలో మార్పులేవీ చేయకపోతే ఒక్కో ఫైలుకు పరిమితి 2 ఎంబీ. ఇప్పటి ఫోన్ ఫొటోలు చాలాసార్లు అంతకంటే పెద్దవే. స్క్రిప్ట్ ఆ సంగతి విద్యార్థికి చెప్పకపోతే, ‘పత్రాలు జతచేయలేదు’ అంటూ అర్హుడి దరఖాస్తు పక్కకు పోతుంది.

ఇక పంపే పద్ధతులు ముఖ్యంగా రెండు. ‘గెట్’ పద్ధతిలో వివరాలు వెబ్ చిరునామా వెంటే కనబడుతూ వెళ్తాయి. బ్రౌజర్ చరిత్రలోనూ, సర్వర్ చిట్టాలోనూ మిగిలిపోతాయి. ఏదైనా వెతకడానికి అది చాలు. దాత ఫోన్ నంబరు, పాన్ నంబరు, పేద కుటుంబం ఆదాయ వివరాలు మాత్రం ‘పోస్ట్’ పద్ధతిలోనే పోవాలి. అప్పుడవి చిరునామాలో కనబడవు. అయితే పోస్ట్ కూడా తాళం కాదు. దారిలో ఎవరూ చదవకుండా కాపాడేది హెచ్‌టీటీపీఎస్. చిరునామా ఆ అక్షరాలతో మొదలవుతోందో లేదో చూసుకోండి. ఏటీఎం పిన్, ఓటీపీ అడిగే గడి సంస్థ ఫారంలో ఉండనే కూడదు.

వివరాలు అందాక సర్వర్‌లోని స్క్రిప్ట్ మరోసారి సరిచూడాలి. మొత్తం అంకెల్లోనే ఉందా, పద్దు మన జాబితాలోదేనా అని చూడాలి. పేజీలో పెట్టిన తనిఖీని ఎవరైనా తప్పించుకోగలరు కాబట్టి అది ఒక్కటే చాలదు. నమోదు పూర్తయ్యాక దాతను వేరే పేజీకి పంపాలి. లేకపోతే పేజీని రీఫ్రెష్ చేసినప్పుడు అదే చందా రెండోసారి నమోదయ్యే ప్రమాదం ఉంది.

సంస్థ బాధ్యులకు ఒక మనవి. ఫారంలో ఏ చిన్న మార్పు చేసినా, ఒక్కో పద్దు ఎంచుకుని ఫోన్ నుంచి ఒక్కో నమూనా పంపి, సర్వర్‌లో ఏం నమోదైందో పక్కన పెట్టుకుని పోల్చి చూడండి. అరగంట పని.

దాతలకూ ఒక మాట. రసీదు రాగానే మొత్తం ఒక్కటే చూసి వదిలేయకండి. పేరు, పద్దు కూడా చదవండి. మీరు ‘జకాత్’ అని ఎంచుకుంటే రసీదుపై ఆ మాటే ఉండాలి. లేకపోతే అదే రోజు సంస్థకు ఫోన్ చేసి దిద్దించండి. వెనకటికి రసీదు పుస్తకం ముందు నిలబడి చేసిన పనే ఇదీ.