తగ్గింపు జాతరలో మన వాటా ఎంత?

దసరా ముందు సెల్‌ఫోన్లలో ఓ జాతర మొదలవుతోంది. 2014 అక్టోబర్ 6న ఫ్లిప్‌కార్ట్ ‘బిగ్ బిలియన్ డే’ పెట్టింది. తర్వాత అమెజాన్ ‘గ్రేట్ ఇండియన్ ఫెస్టివల్’ తెచ్చింది. 2025లో రెండూ సెప్టెంబర్ 23నే మొదలయ్యాయి. విజయనగరం పైడితల్లి సిరిమాను అక్టోబర్ 7న జరిగింది. సిరిమాను బేరాల కోసం బట్టలు, చెప్పులు దించుకుని కూర్చున్నోళ్ల దగ్గరికి జనం వచ్చేసరికి, పండగ డబ్బులో కొంత ముందే ఇంకోచోటికి పోయింది.

ఇంత తగ్గింపు ఎలా ఇస్తారు? కొంత తయారీ కంపెనీ, కొంత బ్యాంకు, కొంత ఆన్‌లైన్ కంపెనీ భరిస్తాయి. అందులో సరుకు పెట్టిన చిన్న అమ్మకందారు కూడా తన లాభం తగ్గించుకోవాల్సి వస్తుంది. ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటాని 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లకి కొన్నది. అంత పెట్టుబడి ఏళ్ల తరబడి నష్టాన్ని ఓర్చుకోగలదు. వడ్డీకి తెచ్చి సరుకు దించిన మనిషి ఒక్క పండగ నష్టం కూడా ఓర్చుకోలేడు. అమ్మకం ధరల్లో ఇలాంటి కంపెనీలు జోక్యం చేసుకోకూడదని 2016లో కేంద్రం నిబంధన పెట్టింది. 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ రెండిటి మీదా దర్యాప్తుకి ఆదేశించింది. జాతర మాత్రం ఆగలేదు.

కాబట్టి చిన్న వర్తకుణ్ణి కాపాడాలంటున్నారు. ఏ వర్తకుణ్ణి? శ్రీకాకుళం, విజయనగరం బజారుల్లో గల్లాపెట్టె దగ్గర మనోళ్లు ఎందరు కూర్చున్నారు? మాదిగలు రోడ్డు పక్కన చెప్పులు కుట్టారు. రెల్లి తల్లులు గంపల్లో పళ్లు అమ్మారు. షాపుల్లో మన పిల్లలు మూటలు మోశారు. సెల్‌ఫోన్లో కొంటే ఎవరూ కులం అడగరు, ఎగాదిగా చూడరు. అది మనకి చిన్న విషయం కాదు.

అయితే ఆ బజారులో కూడా మనకి దొరికింది మోతే. పార్శిల్‌కింత అని తీసుకుని, సొంత బండి మీద తిరిగే కుర్రాళ్లలో మనోళ్లున్నారు. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్ వీళ్లని గిగ్ కార్మికులంది, ఉద్యోగులనలేదు. ఇటు చెప్పులు కుట్టేవాడికీ దెబ్బే. చవక బూటు తెగితే కుట్టించేదెవరు? కొత్తది కొంటారు.

పాత బజారు బతకాలా, కొత్తది గెలవాలా అన్నది షాపులున్నోళ్ల తగువు. మనం అడగాల్సింది వేరే. 2014 వీధి వ్యాపారుల చట్టం టౌన్ వెండింగ్ కమిటీల్లో దళితులకి ప్రాతినిధ్యం ఉండాలంది. మన మునిసిపాలిటీల్లో అది కాగితం మీదుందా, కుర్చీలో ఉందా? పార్శిల్ మోసేవాడి కూలీ ఖరారు చేసేదెవరు? ఈ రెండిటికీ జవాబు రాబట్టాల. అంతదాకా ఏ బజారు గెలిచినా మనం మోసేవాళ్లమే.