బంతి వేళ్లలో గంధకం

1947లో అమెరికాలోని కాల్టెక్‌లో జెక్‌మైస్టర్, సీజ్ అనే ఇద్దరు రసాయనవేత్తలు బంతిపూల నుంచి నీలంగా మెరిసే పదార్థాన్ని వేరుచేశారు. పేరు ఆల్ఫా టెర్థయినిల్. మూడు వలయాల గొలుసు; ఒక్కో వలయంలో నాలుగు కార్బన్లు, ఒక గంధకం. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఈ అణువంటే ఇప్పటికీ ముచ్చటే.

అప్పటికి దాని పనేమిటో తెలియదు. 1958లో నెదర్లాండ్స్‌లో ఊలెన్‌బ్రూక్, బైలూ దాన్ని బంతి వేళ్లలో పట్టుకుని, పైరు వేళ్లను పీల్చే నులిపురుగులను అది చంపుతుందని తేల్చారు. 1972లో అక్కడే గోమర్స్ అసలు కిటుకు కనిపెట్టాడు: అతినీల కాంతి తగిలితే ఆ విషం పదునెక్కుతోంది.

జరిగేది ఇదీ. ఎండలోని అతినీల కిరణాన్ని టెర్థయినిల్ పీల్చుకుంటుంది, ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అంటగడుతుంది. మనం పీల్చే ఆక్సిజన్ సాధువే. శక్తి పుంజుకున్న సింగ్లెట్ ఆక్సిజన్ మాత్రం కణాల పొరల్లోని కొవ్వును, ప్రోటీన్లను, దొరికినదాన్నల్లా చెడగొడుతుంది. టెర్థయినిల్ మళ్లీ మామూలు స్థితికొచ్చి ఇంకో కిరణం కోసం కాచుకుంటుంది. అందుకే కాస్తంత చాలు.

కెనడాలో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో టవర్స్ బృందం ఇలాంటి మొక్కలను పరీక్షించిన పద్ధతి పిల్లలకు చెప్పడానికి బాగుంటుంది. ఈస్టు పరిచిన పళ్లేల మీద మొక్కల సారం అద్దిన కాగితపు బిళ్లలు పెడతారు. ఒకటి అతినీల దీపం కింద, ఒకటి చీకట్లో. దీపం కింద బిళ్ల చుట్టూ మాత్రమే ఈస్టు పెరగని గుండ్రటి ఖాళీ కనిపిస్తే వెలుతురే ఆయుధమన్నమాట. కొన్ని బ్యాక్టీరియాలకూ ఇదే గతి. దోమల లార్వాలైతే అతి తక్కువ మోతాదుకే చస్తాయి. కానీ చేపపిల్లలు, తోకకప్పలు కూడా తట్టుకోలేవు కనుక చెరువుల్లో చల్లే ఆలోచన నాకు నచ్చదు.

ఈ గంధకపు కుటుంబం మన గట్ల మీదా ఉంది. తలనూనెలో కాచే గుంటగలగరలో ఇలాంటి పదార్థాన్ని 1966లో టి.ఆర్. శేషాద్రి బృందం ఢిల్లీలో గుర్తించింది. అంతకుముందు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం రసాయన విభాగాన్ని నిలబెట్టిన శేషాద్రిగారే ఆయన.

మదనపల్లె దగ్గర టమాటా వేసే మా తమ్ముడి కొడుకు, "పెదనాన్నా, గట్టు చుట్టూ బంతి పెట్టాను, ఇక వేరుబుడిపెలు రావు కదా?" అన్నాడు. వస్తాయన్నాను. టమాటాలో బంతి వరస పెట్టమనేది కాయతొలిచే పురుగు కోసం. దాని తల్లి రెక్కలపురుగు బంతిపూల మీద గుడ్లు పెడుతుంది. వేరుబుడిపెలు తెచ్చే నులిపురుగుల సంగతి వేరు. అది వేరు దగ్గర జరిగే పని. "నేలలో ఎండేది?" అని వాడి రెండో ప్రశ్న. మంచి ప్రశ్న. పురుగు తొలిచిన చోట వేరులోని పెరాక్సిడేజ్ అనే ఎంజైము వెలుతురు చేసే పని చేస్తుందని గోమర్స్ బృందం వివరణ.

కాబట్టి గట్టు మీద నాలుగు మొక్కలతో సరిపెట్టుకోకండి. టమాటాకు ముందు మడి నిండా బంతి దట్టంగా వేసి, రెండు మూడు నెలలు పెరగనివ్వండి. అంతకంటే ముందు మట్టిని నులిపురుగుల పరీక్షకు పంపండి. అన్ని బంతి రకాలూ అన్ని నులిపురుగుల మీదా పనిచేయవు.