ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లు కాలకుండా రైతులు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో సాగర్ ఎడమ కాలువ నీరు అందని పొలాలకు బోర్లు, బావులే ఆధారం. యాసంగి వరికి మోటార్లన్నీ ఒకేసారి నడిస్తే లైను చివర వోల్టేజీ పడిపోతుంది. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. కరెంటు బిల్లు లేకపోయినా, మోటారు కాలితే రీవైండింగ్ ఖర్చూ, ఈలోగా ఎండే పైరూ రైతు నష్టమే.

వోల్టేజీ ఎందుకు పడిపోతుంది?

మోటారు తీసుకునే కరెంటులో కొంత నీళ్లు తోడడానికి, కొంత మోటారు లోపల అయస్కాంత శక్తి పుట్టడానికి పోతుంది. ఈ రెండోది నీళ్లు తోడదు, కానీ తీగల మీద, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం వేస్తుంది. తూములన్నీ ఎత్తితే చివరి మడికి నీరు అందనట్టే, చివరి మోటారుకు వోల్టేజీ అందదు. వోల్టేజీ తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉన్నా, పొలం దగ్గరి లైను మీద భారం తగ్గకపోతే ఈ బాధ తీరదు.

కెపాసిటర్ ఏం చేస్తుంది?

అయస్కాంత శక్తికి కావాల్సిన కరెంటును మోటారు దగ్గరే అందిస్తుంది. 5 హెచ్‌పీ మోటారు సుమారు 7.6 ఆంపియర్లు లాగుతుంటే, 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టాక లైను నుంచి దాదాపు 6.4 ఆంపియర్లే తీసుకుంటుంది. ఆ మేరకు తీగల్లో నష్టం 30 శాతం దాకా తగ్గుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇలాంటి మోటార్లు నాలుగింటికి బదులు ఐదింటిని మోయగలదు. అయితే ఒక్కరు పెడితే లాభం తక్కువ. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా మాట్లాడుకొని పెట్టుకోవాలి.

సాధారణంగా వాడే సైజులు: 3 హెచ్‌పీకి 1, 5 హెచ్‌పీకి 2, 7.5 హెచ్‌పీకి 3, 10 హెచ్‌పీకి 4 కేవీఏఆర్. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి.

ఆటో స్టార్టర్ తీసేయండి

మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే 5, 6 రెట్ల కరెంటు లాగుతుంది. కరెంటు పోయి రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి పని చేస్తే ఫ్యూజులు పోతాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలవచ్చు. ఎలక్ట్రానిక్ సాఫ్ట్ స్టార్టర్ వోల్టేజీని మెల్లగా పెంచుతూ మోటారును నడిపిస్తుంది. సాఫ్ట్ స్టార్టర్‌కు గానీ, వేగాన్ని మార్చే వీఎఫ్‌డీకి గానీ మోటారుకు మధ్యలో కెపాసిటర్ పెట్టకూడదు.

లక్షణాన్ని బట్టి ఏం చేయాలి?

• మోటారు మూలుగుతూ తిరగకపోతే: వెంటనే ఆపండి. ఒక ఫేజు పోయి ఉండవచ్చు. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టించండి.
• స్టార్టర్ మాటిమాటికీ పడిపోతుంటే: వోల్టేజీ చూపించండి. రిలేను కట్టేసి నడపకండి.
• బాగానే తిరుగుతున్నా నీళ్లు తగ్గితే: ఫుట్ వాల్వ్, పైపులు, బోరులో నీటి మట్టం చూడండి.

జాగ్రత్త

కరెంటు ఆపినా కెపాసిటర్‌లో కాసేపు కరెంటు నిల్వ ఉంటుంది. ముట్టుకోకండి, ఎలక్ట్రీషియన్‌తోనే బిగించండి. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు మీరే వేయకండి. లైన్‌మన్‌ను పిలవండి, లేదా 1912కు ఫోన్ చేయండి.