కర్బనం లెక్క ఎవరు చెప్పాలి?

ప్రైవేటు జెట్ దిగివచ్చి భూతాపం మీద ప్రసంగించే ప్రముఖుణ్ని దెప్పడం తేలిక. 2007లో అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్‌కు జరిగింది అదే. భూతాపం గురించిన ఆయన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చిన మర్నాడే, నాష్‌విల్‌లో ఆయన ఇంటి కరెంటు వాడకం సగటు అమెరికన్ ఇంటికి ఎన్నో రెట్లంటూ ఒక సంస్థ లెక్కలు బయటపెట్టింది. హరిత విద్యుత్తే కొంటున్నామని ఆయన తరఫువాళ్లు బదులిచ్చారు. ఆ దెప్పుడులో న్యాయం లేకపోలేదు. పొదుపు చెయ్యమనే నిపుణుడు తన ఇంట్లో దుబారా చేస్తున్నాడని తెలిస్తే అతని సలహాకు విలువ తగ్గుతుందని అమెరికాలో 2016లో వెలువడిన ఒక అధ్యయనం కూడా తేల్చింది. కానీ గోర్ ఇంటి బిల్లు ఎంతైనా, కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచడం మానదు. పైగా ఇలాంటి ద్వంద్వనీతి కళ్లకు కనిపిస్తుంది, నలుగురూ నవ్వుతారు. ఎవరూ నవ్వనిది ఇంకొకటుంది.

బ్రిటన్ చమురు కంపెనీ బీపీ 2000లో ఆకుపచ్చ, పసుపు రంగుల్లో పువ్వులాంటి లోగో పెట్టుకుని, ఇకమీదట తాను ‘బియాండ్ పెట్రోలియం’ అని, అంటే పెట్రోలియాన్ని దాటిపోతున్నానని చాటుకుంది. 2004లో వెబ్‌సైట్‌లో ‘కార్బన్ ఫుట్‌ప్రింట్’ క్యాలిక్యులేటర్ పెట్టి, రోజువారీ జీవితం వల్ల ఎంత కర్బనం గాలిలో కలుస్తోందో చూసుకోమని జనాన్ని పిలిచింది. ఈ కొలత బీపీ సొంతం కాదు; 1990లలో పరిశోధకులు విలియం రీస్, మాతిస్ వాకర్‌నాగెల్ రూపొందించిన ‘ఇకలాజికల్ ఫుట్‌ప్రింట్’ దానికి మూలం. దాన్ని నలుగురి నోళ్లలో నానేలా చేసింది మాత్రం చాలావరకు ఈ కంపెనీ ప్రకటనలే. అమ్మినవాడు కొన్నవాణ్ని సంజాయిషీ అడిగాడన్నమాట! 2010 ఏప్రిల్‌లో మెక్సికో సింధుశాఖలో బీపీ తవ్విస్తున్న బావి పేలి 11 మంది చనిపోయారు, నెలల తరబడి చమురు సముద్రంలో కలిసింది. 2030 నాటికి చమురు, గ్యాస్ ఉత్పత్తి 40 శాతం తగ్గిస్తామని 2020లో చెప్పిన ఇదే కంపెనీ, 2023లో దాన్ని 25 శాతానికి కుదించింది. 2025లోనైతే చమురు, గ్యాస్ మీదే పెట్టుబడి పెంచుతామంది.

జనం కొంటున్నారు కాబట్టే కంపెనీ తవ్వుతోంది కదా అనవచ్చు. కొంతవరకు నిజమే. అయితే బస్సు రాని కాలనీలో ఉండే ఉద్యోగి బండి కొనడం ఇష్టపడి చేసిన ఎంపిక కాదు. బస్సు వేయాలా, రోడ్డు వెడల్పు చేయాలా అన్నది అతని చేతిలో లేదు. మరి మన అలవాట్లతో పనే లేదా? ఉంది, అందరికీ ఒకేలా కాదు. ప్రపంచ ఉద్గారాల్లో దాదాపు సగం అత్యంత సంపన్నులైన 10 శాతం మందివే. తరచూ విమానమెక్కేవారు అలవాటు మార్చుకుంటే ఫలితముంటుంది. ఆర్టీసీ బస్సులో తిరిగే కూలీకి గుడ్డసంచి మీద ఉపన్యాసం ఎందుకు? నీతి చెప్పేవాడి బతుకు మచ్చలేనిదా అన్నది చిన్న ప్రశ్న. ఆ నీతి వల్ల భారం ఎవరి మీదికి మళ్లింది, లాభం ఎవరికి మిగిలింది అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న అడగడానికి మన దేశంలో ఇప్పుడు కొంత ఆసరా ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ‘గ్రీన్’, ‘ఎకో ఫ్రెండ్లీ’ లాంటి మాటలు వాడే కంపెనీ తగిన వివరణ, రుజువు చూపాలి. సబ్బు మీదో చీర మీదో అలాంటి ముద్ర కనిపిస్తే రుజువు ఎక్కడుందో వెతకండి. దొరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.