గడప దాటిన గాయము

"ఇంటి గుట్టు లంకకు చేటు" అను సామెత తెలుగు ఇండ్లలో తరతరములుగా వినబడుచున్నది. భర్త చేయి చేసికొన్నను, మాటలతో గుండె కోసినను స్త్రీ పెదవి విప్పరాదని ఆ సామెత పేరిట బోధించుచుందురు. గుట్టు గడపలోపల నిలువవచ్చును గాని గాయము నిలువదు. రాత్రి దెబ్బలు తిన్న ఇల్లాలు తెల్లవారినంతనే బడికో, కచేరికో, కర్మాగారమునకో పోవలెను గదా! ఆమె వెంట ఆ గాయమును గడప దాటును.

ఒక పాఠశాలను ఊహించుకొనుడు. ఏనాడును ఆలస్యమెరుగని ఉపాధ్యాయిని వారమునకు రెండుమారులు మొదటి గంట దాటిన పిమ్మట వచ్చును. మండు వేసవిలోను మోచేతులు దిగిన రవిక తొడుగును. ఫోను మ్రోగిన ఉలికిపడును. దిద్దవలసిన పుస్తకములు బల్లమీద పేరుకొనును. సెలవులన్నియు ఖర్చై జీతము కోతపడును. ఒక్కొక్కనాడు భర్తయే బడి వాకిట నిలిచి కేకలు వేయును. ప్రధానోపాధ్యాయుడు హాజరుపట్టీ చూచి సంజాయిషీ కోరును. "ఒంట్లో బాగులేదు" అను మాటకు మించి ఆమె ఏమి వ్రాయగలదు?

ఇది ఎక్కడనో ఒకచోటి కథ కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 18 మొదలు 49 ఏండ్ల వయసుగల వివాహితలలో నూటికి సుమారు 29 మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతి హింసకు గురియైనవారే. ఇట్టివారికి నెలజీతము కేవలము కూడు గుడ్డలకొరకైన ధనము కాదు. ఆ చెర వెడలుటకు గల ద్వారము. హింసించువాడు దాని నెరుగును గనుకనే ఆమె ఉద్యోగమును మాన్పింపజూచును. కారణ మరయక ఆమెను తొలగించు అధికారి, తెలియకయే వాని కోరిక నెరవేర్చినవాడగును.

2006 అక్టోబరు 26న అమలులోనికి వచ్చిన 2005 నాటి గృహహింస నిరోధక చట్టము ఈ సంగతిని గుర్తించినది. శారీరక హింసయే గాక లైంగిక, మానసిక, ఆర్థిక హింసలును దాని పరిధిలోనివే. హింసించినవాడు ఆమె పనిచేయు చోట అడుగిడరాదని మేజిస్ట్రేటు ఆజ్ఞాపింపవచ్చును. అతడు చెల్లింపవలసిన సొమ్ము చెల్లింపనిచో, అతని జీతములో కొంత నేరుగా ఆమెకిమ్మని అతని యజమానినే ఆదేశింపవచ్చును.

ఇతర దేశములు మరియొక అడుగు ముందునకు వేసినవి. ఇట్టి బాధితులకు జీతముతోగూడిన పది దినముల సెలవును 2004లో ఫిలిప్పీన్సు, 2019లో న్యూజీలాండు, 2023లో ఆస్ట్రేలియా చట్టబద్ధము గావించినవి. మన 2005 చట్టమున అట్టి సెలవు లేదు. అయినను దయగల అధికారికి చేయదగినది చాల కలదు. నలుగురిలో గాక ఏకాంతమున పలుకరింపవలెను. విన్నది రహస్యముగా ఉంచవలెను. ఆమె చిరునామాను, పని వేళలను అడిగినవారికెల్ల తెలుపరాదు. వాకిటి కావలివానిని హెచ్చరింపవలెను. ఆమె కోరినచో పని వేళ మార్చి, జీతము ఆమె సొంత ఖాతాకే చేర్పవలెను. 181 అను మహిళా సహాయ నంబరును, చట్టము నియమించిన రక్షణాధికారిని గూర్చి తెలుపవలెను. మేలు చేయుదమని భర్తను పిలిపించి పంచాయతీ పెట్టుట మాత్రము తగదు. ఆ మందలింపుకు వెల ఆ రాత్రి ఆమెయే చెల్లింపవలసి యుండును.

తరగతి గదిలో ముందు బల్లమీది పిల్లలు ఇవన్నియు చూచుచునే యుందురు. తమ తల్లి ముఖమున చూచిన వాపునే పంతులమ్మ ముఖమునను గుర్తించు పిల్ల అందులో ఒకతె ఉండవచ్చును. ఆ బడి పంతులమ్మను ఆదుకొన్న తీరే ఆ పిల్లకు పాఠము. లంకకు చేటు తెచ్చినది గుట్టు చెప్పిన విభీషణుడు కాదు, చెరపట్టిన రావణుడు.