మోటారు సైకిలుపై ధ్వనివర్ధకం: ఫోనుకూ బండికీ లంకె

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ కల్యాణదుర్గం దారిలోని ఏ పల్లెలో నిలుచున్నా ఒక కంఠస్వరం వినవస్తుంది. ఎర్రగడ్డలు, ప్లాస్టిక్ బిందెలు, పాత ఇనుప సామాను, సరకు ఏదైనా కావచ్చు. కంఠం మాత్రం అలసిపోదు. అది అప్పటికప్పుడు అరుస్తున్న మనిషి గొంతు కాదు గనుక. మోటారు సైకిలు హ్యాండిలుకు కట్టిన మైకు, వెనుక సీటు మీద తాడుతో బిగించిన చిన్న యాంప్లిఫయరు, చొక్కా జేబులోని ఫోను, ఈ మూడూ కలిసి వేస్తున్న కేక అది. ముస్లిముల వీధిలోకి బండి మళ్లగానే వ్యాపారి ఫోను మీద వేలు తాకిస్తాడు. అదే సరకు, అదే ధర, దక్కనీ ఉర్దూలో వినిపిస్తుంది. రెండు భాషల నడుమ చదువుకొనే మన విద్యార్థులకు ఇది ముచ్చట గొలిపే సంగతే.

అయితే ఇందులో ముచ్చట కంటె జీవనం పాలు ఎక్కువ. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ పీఠభూమిలో వేరుశనగ చేతికి రాని ఏట చిల్లర వ్యాపారమే పలువురికి దిక్కు. పల్లెకూ పల్లెకూ నడుమ దూరాలు ఎక్కువ. మైకు మూగబోతే ఆ పూట బేరం పోయినట్లే. బ్యాటరీ కూడా చచ్చిపోతే నీడ లేని దారిన బండిని తోసుకొంటూ పోవలసినదే. కనుక ఈ లంకె ఎట్లా కుదురుతుందో, ఎక్కడ చెడుతుందో తెలుసుకొనుట కేవలం వినోదం కొరకు కాదు.

విదేశాలలో ఇది విలాసంగా మొదలైనది. హోండా సంస్థ 1980లో తెచ్చిన గోల్డ్ వింగ్ ఇంటర్‌స్టేట్ బండికి స్టీరియోను అదనపు హంగుగా అమర్చుకొనే వీలుండేది. మన దారి వేరు. 1963లో ఫిలిప్స్ సంస్థ ప్రవేశపెట్టిన క్యాసెట్టు కాలక్రమాన మన పల్లెలకూ చేరినది. టేపురికార్డరు ముందు సైకిలెక్కి, తరువాత మోటారు సైకిలెక్కినది. ఇప్పుడు దాని స్థానంలో ఫోను కూర్చున్నది.

మొదట తీగ సంగతి. ఫోనుకు తగిలించే 3.5 మిల్లీమీటర్ల పిన్ను మీద నల్లని గీతలు కనిపిస్తాయి. అవి ఒక లోహభాగాన్ని మరొక దానినుండి వేరు చేసే బంధకాలు. రెండు గీతల పిన్నులో కొన ఎడమ ధ్వనికి, నడిమి కట్టు కుడి ధ్వనికి, మొదలు రెంటికీ ఉమ్మడి తిరుగుదారికి. మూడు గీతలుంటే నాలుగవ భాగం మాట్లాడే మైకుది. ఫోను ఇచ్చే సంకేతం ఎంత పెంచినా ఇంచుమించు ఒక వోల్టు. దానితో స్పీకరు మోగదు. నడుమ యాంప్లిఫయరు ఉండి తీరవలసినదే. యాంప్లిఫయరుకు సాధారణంగా రెండు రంధ్రాలుంటాయి. మైకు రంధ్రం వోల్టులో వెయ్యవ వంతులను ఆశించి కూర్చున్నది. అందులో ఫోనును గుచ్చితే దోసిలి పట్టినవాని మీద కడవ కుమ్మరించినట్లవుతుంది. మాట పగిలిపోయి గరగరలాడుతుంది. ‘ఆక్స్’ అని రాసినదే ఫోనుకు తగినది. యాంప్లిఫయరు చెడిపోయిందని బాగుచేయించడానికి తెచ్చినవాటిలో కొన్నింటికి ఈ రంధ్రం మార్చడమే వైద్యమైన సందర్భాలు మేము చూచితిమి.

ఇక పెట్టె మీది అంకెలు. నాలుగు వందల వాట్లు, ఎనిమిది వందల వాట్లు అని అచ్చువేసి అమ్ముతారు. పదవ తరగతి లెక్కతోనే దీనిని పరీక్షించవచ్చు. బ్యాటరీ 12 వోల్టులు, స్పీకరు నిరోధం 4 ఓములు అనుకొందాము. స్పీకరు రెండు కొనలనూ ఎదురెదురుగా నడిపే మంచి ఏర్పాటు ఉన్నప్పటికీ తరంగ శిఖరం 12 వోల్టులను దాటదు. 12ను 12తో హెచ్చించి, 4కు రెట్టింపైన 8తో భాగిస్తే 18 వాట్లు. ఇంజను తిరుగుతూ 14 వోల్టులు అందినా 25కు లోపే. వోల్టేజిని పెంచే ప్రత్యేకమైన విభాగం లోపల లేనిదే ఒక స్పీకరుకు అంతకు మించి స్వచ్ఛమైన శక్తి రాదు. అచ్చు అంకెకు ఇచ్చే డబ్బు వృథా. ఊరి వీధికి మంచి మైకూ ఈ 18 వాట్లూ చాలును.

ఆ 18 వాట్లైనా ఊరకే రావు. నిండుగా మోగునప్పుడు బ్యాటరీ నుండి సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. మామూలు బండి బ్యాటరీ 3 నుండి 5 ఆంపియర్-గంటలది. ఇంజను ఆపి చెట్టు కింద గంటసేపు బేరం సాగిస్తే సగం ఖాళీ అయినదన్నమాట. పూర్వపు బండి అయితే కాలితో తన్ని లేవదీయవచ్చు. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన కొత్త బండ్లలో ఇంధనాన్ని చిమ్మే పంపుకే కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే ఎంత తన్నినా కష్టమే. పైగా 2017 ఏప్రిల్ నుండి తయారైన బండ్లకు ఇంజను తిరుగుతున్నంతసేపూ ముందు దీపం పట్టపగలైనా వెలుగుతూనే ఉంటుంది. వీధిలో నెమ్మదిగా పోవునప్పుడు మాగ్నెటో ఇచ్చే కొద్దిపాటి కరెంటును దీపమూ మైకూ పంచుకోవలసి వస్తుంది.

అందరినీ విసిగించే జబ్బు మరొకటి ఉన్నది: గుయ్యిమనే రొద. యాక్సిలరేటరు తిప్పేకొద్దీ దాని శ్రుతి పైకి పోతుంది. దోషం ఫోనుది కాదు, స్పీకరుది కాదు. ఫోనును బండి కరెంటుతోనే చార్జి చేస్తూ, అదే ఫోను నుండి యాంప్లిఫయరుకు తీగ వేసినప్పుడు ఇది పుడుతుంది. తిరుగు కరెంటుకు అప్పుడు రెండు దారులు ఏర్పడతాయి: చార్జరు తీగ ఒకటి, పాట తీగ మరొకటి. చార్జరు కరెంటులో కొంత పాట తీగలో దూరి, మాగ్నెటో తరంగాలను వెంటబెట్టుకొని వస్తుంది. మెకానిక్కులు తరచుగా యాంప్లిఫయరు నల్లతీగను చేతికందిన బోల్టుకు చుట్టి వదలుతారు. ఆ బోల్టు కింద రంగు, తుప్పు, మన ఎర్రదుమ్ము, రొద రెట్టింపవుతుంది. యాంప్లిఫయరుదీ చార్జరుదీ నల్లతీగలు రెండూ నేరుగా బ్యాటరీ ఋణధ్రువం దగ్గరే కలియవలెను. ఎర్రతీగకు బ్యాటరీ పక్కనే 5 ఆంపియర్ల ఫ్యూజు వేయవలెను. ఫ్యూజు లేని తీగ ఒరుసుకొని ట్యాంకు కింద నిప్పు పుట్టిస్తే ఆర్పుటకు నీళ్లు దొరికే ప్రదేశం కాదు ఇది. జబ్బును నిర్ధారించుట మాత్రం సులభం: చార్జరు పీకి చూడండి. రొద ఆగితే కారణం అదే.

బ్లూటూత్‌తో పాట తీగ తప్పిపోతుంది, రెండవ దారీ తప్పిపోతుంది. కొత్త ఫోనులు పలువాటికి పిన్ను రంధ్రమే లేదు గనుక మున్ముందు ఇదే గతి. అయితే దాని గ్రాహకానికీ కరెంటు కావలసినదే. నాసిరకం గ్రాహకాన్ని బండి కరెంటుకే తగిలిస్తే ఆ రొద మరో ద్వారాన ప్రవేశిస్తుంది.

చట్టం మాట ఒకటి మిగిలినది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ధ్వనివర్ధకానికి అధికారుల లిఖితపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట వాడరాదు. నిశ్శబ్ద మండలాలుగా ప్రకటించిన ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర మౌనం పాటించవలెను. అనుమతి పత్రం గల ఎర్రగడ్డల బండి మాకింతవరకు తారసపడలేదు. కాని పరీక్షల దినాలలో విద్యాలయపు గేటు దగ్గరకు రాగానే తనంత తానే మీట తగ్గించి, గోడ దాటిన పిమ్మట మరల పెంచుకొనే వ్యాపారులను మాత్రం చూచితిమి.